గోష్ఠి ఆగకూడదు

నంద్యాలలో క్వాంటం కంప్యూటరు పెడదామని గోదా అన్ననాడు బెంగుళూరు ఆఫీసులో నవ్వనివాడు లేడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె పైఅధికారి రాజశేఖర్. తమాషా ఏమిటంటే, ఆ మహానుభావుడిది అవుకు పక్కన పల్లెటూరు. అవుకు చెరువు గట్టున ఆడుకుని పెరిగిన మనిషి. అయినా సరే, సొంతూరి మాటెత్తితే చాలు, ఎవరి గొడవో తనకెందుకన్నట్టు మొహం పెడతాడు. బెంగుళూరులో ఏళ్ళకేళ్ళు ఉండి ఊరితోపాటు ఊరి యాసను కూడా వదిలించుకున్నాడు.

“అక్కడ కరెంటే నిలకడగా ఉండదు గోదా గారూ, ఇంక క్వాంటం ఏం నిలుస్తుంది?” అన్నాడు.

గోదాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “ఇక్కడ కింద మెట్రో, పైన ఫ్లైఓవరు, పక్కన పునాదుల తవ్వకం. మన మిషనుకు కావలసింది కదలని నేల సార్. మావైపు కింద అంతా బండే” అంది. అని ఊరుకుందా? ఏడాదిపాటు చెవిలో జోరీగలా పోరింది. చివరికి ఆయనే విసిగిపోయి, “సరే, పెట్టి చూడండి. నడవకపోతే మాత్రం మర్నాడే మూటకట్టి తెచ్చేస్తాను” అన్నాడు.

అట్లా మహానంది పోయే దారిలో, ఊరు దాటాక, మూతబడిన పత్తివిత్తనాల గోడౌనొకటి ప్రయోగశాల అయింది. గోడలు మందం, కప్పు ఎత్తు. కింద బేతంచెర్ల బండలు పరిపించారు. మధ్యలో తెల్లటి పెద్ద పీపా ఒకటి పైనుంచి వేలాడుతుంటుంది. దాని లోపల, అట్టడుగున, వేలిగోరంత చిప్పు. ఆకాశంలో చుక్కల మధ్య ఉండే చలికంటే ఎక్కువ చలిలో దాన్ని ఉంచాలి. ఇంత హంగామా ఆ గోరంత దానికోసమే.

గోదా ఉద్యోగం పేరు సిస్టమ్స్ ఆర్కిటెక్ట్. అదేం పనే అని వాళ్ళ అమ్మ అమృతవల్లి అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇది. “అమ్మా, పెండ్లిలో వంటోళ్ళు వేరే, మేళగాళ్ళు వేరే, పందిరేసేటోళ్ళు వేరే. ఎవరి పని వాళ్ళు బాగనే చేస్తారు. ముహూర్తానికి అందరూ అందుకునేట్ల చూసేది మాత్రం ఒకరుండాల గదా. ఆ ఒకరు నేను.”

అమృతవల్లికి పూర్తిగా అర్థమైంది. “అంటే ఏం తప్పిపోయినా తిట్లు తినేదానివి” అంది.

అక్షరాలా అదే జరిగింది. మిషను వచ్చింది, చల్లబడింది, లేచి కూర్చుంది. కానీ పని చేయలేదు.

ఎందుకు చేయలేదో చెప్పాలంటే ఆ చిప్పు మీదుండే క్విబిట్ల సంగతి రెండు ముక్కలు చెప్పాలి. లెక్కలు చేసేవి అవే, కానీ మహా సుకుమారం. కాస్త వేడి తగిలితే శృతి తప్పుతాయి. దగ్గర్లో అయస్కాంతం కదిలితే తప్పుతాయి. ఏమీ జరగకపోయినా వాటికి బుద్ధి పుట్టినప్పుడు తప్పుతాయి. అందుకని ఒక్క క్విబిట్‌ను నమ్మి ఏ మాటా అప్పగించరు. ఒక గుంపుకు అప్పగిస్తారు. గుంపంతా కలిసి ఆ ఒక్క మాటను చెడిపోకుండా మోస్తుంది.

మరి గుంపులో ఒకటి శృతి తప్పితే ఏం చేయాలి? గోదా దానికి ఒక నియమం పెట్టింది. ఆపెయ్యాలి. ఆపి, అన్నిటినీ మొదటి నుంచి శృతి చేసి, లెక్క మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. బెంగుళూరులో ఉన్న చిన్న చిప్పుతో ఈ నియమం భేషుగ్గా నడిచింది. నంద్యాల చిప్పు పెద్దది, గుంపు పెద్దది. అంత గుంపులో ఏ క్షణాన చూసినా ఎవరో ఒకరు తప్పుతూనే ఉన్నారు. మిషను మొదలవడం, ఆగడం, శృతి చేసుకోవడం, మళ్ళీ మొదలవడం. దాని బతుకంతా శృతికే సరిపోయింది, పాట ఎత్తుకున్నది లేదు.

“అక్కా, ఇంత కఠినమెందుకు? కొంచెం వదిలిపెట్టి చూద్దాం” అని లూదియా బతిమాలింది. లూదియా నంద్యాల అమ్మాయి. చిప్పుకు సంకేతాలు పంపే ఎలక్ట్రానిక్స్ అంతా ఆమెదే. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. ఇంట్లో తిన్న టిఫిను అరక్కముందే చేరుకునే దూరంలో ఇంత పెద్ద పని దొరికిందని ఆ పిల్ల సంతోషం ఇంతా అంతా కాదు.

“తప్పు మీద కట్టింది తప్పే లూదియా. నాకు మా నాయన అట్లనే నేర్పిచ్చినాడు. ఒక్క అక్షరం పోయిందంటే మొదట్నుంచి చెప్పాల్సిందే” అంది గోదా.

గోదా వాళ్ళ నాయన శేషాద్రి అహోబిలం స్వామి ఎదుట పదిమందీ కలిసి పాశురాలు చెప్పే గోష్ఠిలో మనిషి. కాపురం ఆళ్ళగడ్డలో. పొద్దున్నే ఇంటి వసారాలో పిల్లలను కూర్చోబెట్టి సంత చెప్పేవాడు. అంటే, ఆయన ఒకసారి చెబితే పిల్లలు రెండుసార్లు చెప్పాలి. ఎక్కడ తప్పినా ఆయన నోట వచ్చేది ఒకటే ముక్క, “మొదట్నుంచి.” చివరి చరణం చివరి మాట దగ్గర తప్పినా సరే, మొదట్నుంచే. గోదా ఏడ్చేది, ముక్కు చీదేది, మళ్ళీ ఎత్తుకునేది. వచ్చిన పిల్లలందరిలో ఆమెకు వచ్చినంత శుద్ధంగా ఎవరికీ రాలేదు. కానీ ఏం లాభం? మగపిల్లలు పెద్దవాళ్ళై గోష్ఠిలో నిలబడ్డారు. ఆడపిల్ల గనక గోదా అరుగు మీద నిలబడి వినింది. న్యాయమా అని అడిగితే ఇంట్లో అందరూ వేరే మాట మాట్లాడేవాళ్ళు.

ఇంతలో బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. “నెలాఖరుకు వస్తున్నాను. మీ మిషను ఒక్క మాటను గంటసేపు ఆగకుండా మోసి చూపించాలి. ఆగిందా, సర్దేద్దాం” అన్నాడు రాజశేఖర్. అన్నవాడు అన్నట్టు ఉండవచ్చు కదా! వారం తిరక్కుండా లారీలో కొత్త చెక్కపెట్టెలు పంపించాడు. మిషను ఏ ముక్క ఏ పెట్టెలో పోవాలో పైన అచ్చు కూడా వేయించాడు. వాటిని గేటు పక్కన వరసగా దించిపోయారు. లోపలికి వచ్చేవాళ్ళంతా వాటిని చుట్టుకుని రావలసిందే.

గోదాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను పోతే పోయింది, తన ఉద్యోగానికేం ఢోకా లేదు, బెంగుళూరులో కుర్చీ ఉండనే ఉంది. కానీ ‘నంద్యాలలో పెట్టి చూశాం, ఆడలేదు’ అని ఒక్కసారి అనిపించుకుంటే ఇంకెవరూ ఈ చుట్టుపక్కలకు ఇట్లాంటిదాన్ని తీసుకురారు. లూదియా లాంటివాళ్ళు ఇంక బస్సెక్కాల్సిందే. ఆ మాట పడటం గోదావల్ల కాదు. తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు.

అట్లాంటి రోజుల్లో అమ్మ ఫోను చేసింది. “స్వామి రేపు మన వీధికొస్తాండాడు. నువ్వు రావా?”

అహోబిలం నరసింహస్వామి ఏటా కనుమనాడు పారువేటకు బయలుదేరుతాడు. తన పెళ్ళికి తానే ఊరూరూ తిరిగి పిలుచుకుంటాడు. నెల దాటి పల్లెల్లోనే ఉంటాడు. అంతటి దేవుడు పల్లకీ ఎక్కి వీధి గుమ్మానికొచ్చి పిలుస్తుంటే ఆ పక్కవాళ్ళెవరికీ పని గుర్తుండదు. గోదాకు మాత్రం గుర్తుంది. “నాకు పనుందమ్మా” అంది.

ఆ మాట వింటున్న లూదియా ఫోను లాగేసుకుంది. “వస్తాదిలేమ్మా, నేను పంపిస్తా” అని చెప్పి పెట్టేసింది. “ఈడ కూచోని ఆ పెట్టెల్ని చూస్తాండేదానికంటే దేవున్ని చూసుకోనిరా పో అక్కా. రేపొక్కరోజు మిషనును నేను కనిపెట్టుకోనుంటా.”

మర్నాడు ఎండ ఎక్కేవేళకు గోదా ఆళ్ళగడ్డలో అరుగు మీద అమ్మ పక్కన నిలబడి ఉంది. వీధంతా కళ్ళాపి, ముగ్గులు, టెంకాయలు, జనం. వీధి మలుపులో మేళం వినిపించింది. ముందు గోష్ఠి, రెండు వరసలు ఎదురెదురుగా తిరిగి వంతులవారీగా పాశురం చెబుతూ నడుస్తోంది. వెనక బోయీల భుజాల మీద స్వామి. మొదటి వరసలో శేషాద్రి, ఆయన పక్కన ఎప్పుడూ నిలబడే శ్రీవిష్ణు మామ. పల్లకీ వెంట వచ్చే ట్రాక్టర్లు లేపిన దుమ్ము వీధి నిండా కమ్ముకుని ఉంది.

సరిగ్గా సొంత ఇంటి ముందుకు వచ్చేసరికి శేషాద్రికి దుమ్ము గొంతుకు అడ్డం పడింది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గింది గానీ మాట జారిపోయింది. పెదవులు కదులుతున్నాయి, తరువాతి ముక్క అందడం లేదు. గోదా ప్రాణం విలవిల్లాడింది. ఆ ముక్క ఆమెకు వచ్చు. నాలిక చివర దాకా వచ్చేసింది. అలవాటు కొద్దీ నోరు నొక్కేసుకుంది.

ఇప్పుడు ఆపేస్తారు, మొదట్నుంచి ఎత్తుకుంటారు అనుకుంది. ఎవరు ఆపారు? శ్రీవిష్ణు మామ పక్కకు కూడా చూడలేదు. గొంతు ఒక్క పిసరు పెంచి శేషాద్రి వంతు కూడా తానే అందుకున్నాడు. అటుపక్క ఇంకొకాయన కూడా పెంచాడు. శేషాద్రి గొంతు తగ్గించేసుకున్నాడు, దాదాపు వినపడనంతగా. చెవొగ్గి వాళ్ళనే వింటూ నడిచాడు. చరణం అయిపోయింది. కొత్త చరణం మొదట్లో మళ్ళీ కంచుగంటలా కలిశాడు. పల్లకీ ఆగలేదు. బోయీలకు ఏదో జరిగిందని కూడా తెలీదు.

గోదా హారతి కళ్ళకద్దుకోవడం కూడా మరిచిపోయింది. అమ్మ మోచేత్తో పొడిచింది.

మధ్యాహ్నం స్వామి వీధి చివర పందిట్లో దిగాక శేషాద్రి ఇంటికొచ్చాడు. విస్తళ్ళు వేశారు. ఆయన పులిహోర కలిపి నోట్లో పెట్టుకోబోయే లోపలే గోదా పేలింది.

“నాయనా, నువ్వు తప్పినావు.”

“అవును, తప్పినా” అన్నాడు శేషాద్రి, ఏమీ జరగనట్టు.

“తప్పితే మొదట్నుంచి గదా? చిన్నప్పుడు నన్నెట్ల ఏడిపిచ్చినావు! ముక్కు ఎర్రగా అయ్యేదాకా చెప్పిచ్చినావు. నీకైతే మాత్రం పక్కోల్లు మోస్తారా? ఇదేం న్యాయం?”

శేషాద్రి ఆశ్చర్యంగా చూశాడు. “ఏందమ్మీ నువ్వు మాట్లాడేది? సంత వేరే, గోష్ఠి వేరే. సంతలో నేర్చుకునేది ఒక్కరు. అది తప్పితే తప్పే, మొదట్నుంచి చెప్పాల్సిందే. గోష్ఠిలో చెప్పేది అందరం. దేవుడు నడుస్తాంటాడు. నాకు దగ్గొచ్చిందని ఆయన్ను నిలబెడతామా? తప్పినోడు గొంతు తగ్గించాల, పక్కోడు పెంచాల. గోష్ఠి ఆగకూడదు. అంతే.”

“ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే!”

“నువ్వు గోష్ఠిలో నిలబడింది యాడ, చెప్పేదానికి?”

అన్నాక ఆయనకే ఆ మాట గుచ్చుకున్నట్టుంది. తల వంచుకుని అన్నం కెలికాడు. అమృతవల్లి ఆయన వైపు ఒక చూపు చూసింది, ఏళ్ళ తరబడి దాచిపెట్టిన చూపు.

గోదాకు అవేవీ కనిపించడం లేదు. ఆమె కళ్ళముందు క్విబిట్లున్నాయి. ఇన్నాళ్ళూ తాను ఆ గుంపుకు సంత చెబుతోంది. వసారాలో కూర్చోబెట్టి, ఒక్కటి తప్పితే అన్నిటినీ మొదట్నుంచి చెప్పిస్తోంది. అది గుంపు కదా, గోష్ఠి కదా! ఆమెకు ఒక్కసారి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దబుక్కున లేచి చెయ్యి కడుక్కుంది.

“పెరుగన్నం తినిపోవే!” అని అమృతవల్లి వెనకాలే అరిచింది.

గోదా అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఫోనులో లూదియాకు చెబుతోంది. “ఆ నియమం తీసేస్తాండాం మే. ఒకటి తప్పితే దాన్నొక్కదాన్ని పక్కకు తియ్యాల. దాని భారం చుట్టుపక్కలవి మోయాల. దానికి శృతి చేసి మళ్ళీ కలపాల. లెక్క ఆగకూడదు. అర్థమైతాందా?”

“మా క్వయర్లో అంతే గదక్కా” అంది లూదియా. “పాడేటోళ్ళలో ఎవరన్నా తప్పినారని నేను కీబోర్డు ఆపుతానా? ఈ మాట ముందే నాకు తట్టి ఉంటే ఎంత బాగుండు!”

అనుకున్నంత తేలిగ్గా జరిగితే ఇంకేం? మొదటిసారి చేసిచూస్తే నానా రభస అయింది. తప్పిన క్విబిట్‌కు శృతి చేయడానికి పంపిన సంకేతం పక్కవాటికి తగిలి, అవి కూడా తప్పాయి. ఒకటి పోయిన చోట నాలుగు పోయాయి. లూదియా తల పట్టుకుంది. గోదా గోడౌనులో అటూ ఇటూ తిరిగి టక్కున ఆగింది. “గొంతు తగ్గించాల. మా నాయన దాదాపు వినపడకుండా అయిపోయినాడు గదా. శృతి చేసేటప్పుడు మనం అరుస్తాండాం. సంకేతాన్ని సన్నగా, నిదానంగా పంపు” అంది. లూదియా రెండు రోజులు కూర్చుని పల్చటి సంకేతాలు తయారుచేసింది. ఈసారి పక్కవి ఉలకలేదు, పలకలేదు.

ఆ ముచ్చట తీరకముందే ఇంకో చిక్కు వచ్చిపడింది. బాగుపడిన క్విబిట్‌ను తిరిగి గుంపులో కలిపిన ప్రతిసారీ లెక్క తలకిందులవుతోంది. గోదా ఆళ్ళగడ్డకు ఫోను చేసింది.

“నాయనా, తప్పినంక మళ్ళా ఎప్పుడు కలుస్తావ్ నువ్వు?”

“ఇదేం ప్రశ్నమ్మీ? చరణం అయిపోయినంక. మధ్యలో దూరితే పక్కోన్ని గూడా చెడగొడతాం. మాట గుర్తొచ్చినా గమ్మున ఉండాల, చరణం అయ్యేదాకా. అది శానా కష్టం.”

మిషను లెక్క కూడా చరణాలు చరణాలుగానే నడుస్తుంది. ఒక్కో చుట్టు అయ్యాక గుంపు మొత్తాన్నీ ఒకసారి సరిచూస్తుంది. గోదా ఆ సరిచూపు పూర్తయిన క్షణంలోనే కొత్తదాన్ని కలిపేట్టు మార్చింది. ఆ పూట మిషను ఆగకుండా నడిచింది. కాసేపే. అయినా లూదియా లేచి గోడౌనంతా గంతులేసింది.

అప్పటికి నెలాఖరు వచ్చేసింది. అసలు పరీక్షకు ముందు సరిగ్గా ఒక్క గంట నిలబెట్టి చూసుకునే తీరిక కూడా వాళ్ళకు దొరకలేదు.

రాజశేఖర్ పొద్దున్నే కారు దిగాడు. గేటు దగ్గర చెక్కపెట్టెలను చేత్తో తట్టి, బాగున్నాయన్నట్టు తలూపాడు. గోదాకు ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది. లోపలికి తీసుకొచ్చి ఉగ్గాని, బజ్జీ పెట్టింది. “ఆయిల్ ఎక్కువండీ” అంటూనే ప్లేటు ఖాళీ చేశాడు. తరువాత పెద్ద తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద గుంపంతా పచ్చటి చుక్కలుగా కనిపిస్తుంది. తప్పినది ఎర్రబడుతుంది.

“మొదలుపెట్టండి” అన్నాడు.

లూదియా మొదలుపెట్టింది. పచ్చటి చుక్కలు నిలకడగా మెరుస్తున్నాయి. ఇంకా ఆయన కాఫీ అందుకోలేదు, మధ్యలో ఒక చుక్క ఎర్రబడింది.

“అయిపోయింది” అని రాజశేఖర్ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు. “మీ కష్టం నాకు తెలుసు గోదా గారూ, కానీ...”

“కూర్చోండి సార్” అంది గోదా. ఆ గొంతు విని ఆయన కూర్చున్నాడు.

ఎర్రచుక్క మసకబారి బూడిదరంగైంది. చుట్టూ ఉన్న చుక్కలు కాస్త ఎక్కువగా వెలిగాయి. లెక్క నడుస్తూనే ఉంది. గోదా పెదవులు కదులుతున్నాయి, లోలోపల ఏదో చెప్పుకుంటున్నట్టు. ఒక చుట్టు పూర్తయింది. బూడిదచుక్క పచ్చబడింది. ఏమీ ఎరగనట్టు మిగతావాటిలో కలిసిపోయింది.

రాజశేఖర్ అందుకున్న కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. ఇంకొకటి ఎర్రబడింది, కలిసింది. మరొకటి, మరొకటి. అంతలో పక్కపక్కనే ఉన్న రెండు ఒకేసారి తప్పాయి. ఇట్లాంటిది వాళ్ళు ఎప్పుడూ పరీక్షించలేదు. పక్కవాడే తప్పితే ఇంక భారం ఎవరు మోస్తారు? లూదియా గోదా చెయ్యి పట్టుకుని నలిపేసింది. రెండూ బూడిదరంగైనాయి. వాటి అవతలివి, ఇంకా అవతలివి వెలుగు పెంచాయి. భారం వరస దాటి వరసకు పాకింది. అది అట్లా దూరందాకా పాకేట్టు కట్టింది గోదానే. నడవగా చూడటం మాత్రం ఇదే మొదలు. చుట్టు పూర్తయింది. రెండూ కలిశాయి.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగింది, మిషను మాత్రం బ్యాటరీల మీద నడుస్తోంది. రాజశేఖర్ తల ఎత్తి ఫ్యానును చూశాడు, గోదాను చూశాడు, తెరను చూశాడు. వెనక జనరేటరు గుర్రుమని అందుకుంది. తెర మీద ఒక్క చుక్క కూడా చలించలేదు.

గంట అయింది. ఆపమని ఎవరూ అనలేదు. భోజనాల వేళ అయింది, రాజశేఖర్ కుర్చీ అంచుకు జరిగి ముందుకు వంగి ఉన్నాడు, మెడలో టై ఎప్పుడు లాగేశాడో ఆయనకే తెలీదు. ఒకేసారి మూడు చుక్కలు పడి మూడూ లేచేసరికి మనిషి కుర్చీలోంచి ఎగిరాడు.

“ఏందప్పా ఇది! పడిపోయినోన్ని పక్కోల్లు ఎత్తుకోని పోతాండారు గదా! ఆగదేందిది?”

ఇన్నేళ్ళుగా అవతల పారేశాననుకున్న అవుకు యాస అంతా ఒక్కసారి నోట్లోంచి ఊడిపడింది. లూదియా పడీపడీ నవ్వింది. తన మాట తనకే వినిపించి రాజశేఖర్ కాస్త తడబడ్డాడు గానీ, ఇంక దాచుకునే ఓపిక లేనట్టుంది.

“ఎట్ల తట్టింది నీకిది?” అన్నాడు. ‘గారూ’ కూడా ఎగిరిపోయింది.

గోదా చెప్పింది. సంత సంగతీ, గోష్ఠి సంగతీ అంతా చెప్పింది. ఆయన కళ్ళు మెరిశాయి. “పేపరోల్లకు ఇదే చెప్పాల. మన పూర్వీకులకు ఈ విద్య ఎప్పుడో తెలుసని...”

“ఏం తెలీదు సార్” అని గోదా కస్సుమంది. “పూర్వీకులకు క్వాంటం తెలీదు. మా నాయనకు గోష్ఠి తెలుసు, లూదియాకు క్వయర్ తెలుసు. మిషను మేము కట్టినాం. చెప్పేదుంటే అది చెప్పండి.”

రాజశేఖర్ రెండు చేతులూ ఎత్తేశాడు. సాయంత్రం దాకా మిషను ఆగలేదు. చివరికి వాళ్ళే, చూసి చూసి కళ్ళు లాగుతుంటే ఆపారు. కారెక్కబోతూ ఆయన పెట్టెల దగ్గర నిలబడ్డాడు. గోదా కూడా నిలబడింది.

“వీటిని ఖాళీగానే ఎనక్కి పంపిస్తా” అన్నాడు. “బెంగుళూరులో రెండో మిషను ఉండాదే, దాన్ని వీటిల్లో పెట్టి ఈడికి తోలిస్తా. బిన్నా చోటు చూడు, ఆలస్యం చేయొద్దు. అది గూడా ఈ పక్కనే ఉండాల.”

కారు పోయాక గోదా, లూదియా గేటు దగ్గరే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎంత బాగా ఏడ్చారంటే వాచ్‌మన్ భయపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఆ ఆదివారం స్వామి రుద్రవరం వైపు పల్లెలో ఉన్నాడు. గోదా అక్కడికే పోయింది. ఆడవాళ్ళంతా పల్లకీ పక్కన నడుస్తున్నారు, ఆమె కూడా నడిచింది. గోష్ఠిలో శేషాద్రి ఉన్నాడు గానీ ఇన్నాళ్ళ తిరుగుడుకు మనిషి బాగా నలిగాడు. శ్రీవిష్ణు మామ ఆ రోజు జ్వరంతో రాలేదు. ఆయన నిలబడే చోటు ఖాళీగానే ఉంది.

పల్లె మధ్యలోకి వచ్చేసరికి శేషాద్రి మాట జారింది. ఎదురు వరస చరణం ముగించింది, తరువాతి చరణం అందుకోవాల్సింది ఇటు వరసే. ఇటు వరసలో ఆయన గొంతే ముందు గొంతు. అది మూగబోయేసరికి మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ ఆ ముక్క గోదా నాలిక చివరికి వచ్చింది. ఈసారి ఆమె నొక్కేసుకోలేదు.

ఎత్తుకుంది. నాయన నేర్పిన శృతిలో, నాయన నేర్పినంత శుద్ధంగా. వరసంతా ఆమె గొంతు వెంట నడిచింది. పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు గిర్రున వెనక్కి తిరిగారు, కళ్ళు ఎర్రజేశారు. అంతకంటే ఏం చేయగలరు? ఆపి తిట్టడానికి వీల్లేదు. దేవుడు నడుస్తున్నాడు, గోష్ఠి ఆగకూడదు. తిట్టాల్సినవాళ్ళే ఆమె వెంట చరణం పూర్తి చేశారు.

శేషాద్రి తల తిప్పి చూడలేదు. చెవొగ్గి వింటూ నడిచాడు. కొత్త చరణం మొదట్లో ఆయన కలిశాడు, గోదా గొంతు తగ్గించింది. ఆయన కుడిచెయ్యి మాత్రం వెనక్కి వచ్చి శ్రీవిష్ణు మామ ఖాళీ చోటును చూపించి, రమ్మన్నట్టు రెండుసార్లు ఆడింది. గోదా వెళ్ళి అక్కడ నిలబడింది.

పల్లకీ దిగాక ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“రెండో చరణంలో ఒక చోట సాగదీసినావు” అన్నాడు.

“మొదట్నుంచి చెప్పమంటావా?” అంది గోదా.

“వద్దులే” అన్నాడు శేషాద్రి. “రేపు పక్కూర్లో స్వామి పొద్దున్నే లేస్తాడు. బిన్నా రా.”